ఎమ్ కొట్టేశాక

డులూత్‌లో మా వీధి సరస్సులోకి దూకబోతున్నట్టు ఉంటుంది.
చలి ముదిరితే ఎవరూ దాన్ని వీధి అనరు.
దాని పైకొసన మా స్కూలు,
రెండో అంతస్తులో చివరి గది,
గదిలో హాపల సారు,
ఆయన చేతిలో నా మొదటి ఫిజిక్స్ పేపరు:
వందకి ముప్పై ఎనిమిది.

లెక్కలంటే నాకెప్పుడూ భయం లేదు.
ఇవి లెక్కలు కావు.
"ఒక పెట్టె వాలు మీద ఆగి ఉంది" అంటారు, అంతే.
దాని మీద ఎవరెవరు చెయ్యి వేశారో మనమే కనిపెట్టాలి,
ఒక్కో చేతికీ ఒక్కో బాణం గియ్యాలి.
నా బాణాల్లో ఒకటి ఎప్పుడూ ఎక్కువ,
లేదంటే ఒకటి తక్కువ,
అన్నీ సరిపోయిన రోజున ఒకటి తలకిందులు.
మైనస్ గుర్తు పంటి కింద రాయిలా
ప్రతి జవాబులోనూ తగిలేది.

ఘర్షణ అన్న మాట అంతకుముందు
నాన్న ఫోన్లో వార్తలు వింటుంటే విన్నాను,
ఏవో రెండు వర్గాల మధ్య.
ఇక్కడ అది చెక్కకీ చెక్కకీ మధ్య.
దాని గుర్తు పేరు మ్యూ.
నా ల్యాబు జంట గ్రేటా నీమీ పిల్లిలా అరిచి చూపించింది.
అక్టోబరంతా నాకు అర్థమైంది అదొక్కటే.

నవంబరులో ఒక గురువారం
పొడుగాటి బల్ల ఒక కొస పట్టుకుని మెల్లగా ఎత్తుతున్నాం.
ఇరవై రెండు డిగ్రీల దగ్గర చెక్కముక్క జారింది.
గ్రేటా దాని మీద కెమిస్ట్రీ పుస్తకం పెట్టింది. ఇరవై రెండే.
పుస్తకం మీద ఇంకో పుస్తకం. ఇరవై రెండే.
కాగితం మీద చూస్తే
అటుపక్క ఒక ఎమ్, ఇటుపక్క ఒక ఎమ్.
రెండూ కొట్టేశాను.
పెన్ను కాగితాన్ని చీల్చేంత గట్టిగా.
ఏనుగైనా ఎలకైనా ఒకే వాలు దగ్గర జారతాయి!
ఈ సంగతి తెలిసీ జనం
మామూలుగా అన్నాలు ఎలా తింటున్నారు?

ఆ సాయంత్రమే నాన్న కారు డిక్కీ తెరిచాను.
మొదటి మంచు పడగానే అందులో ఆయన వేసే ఇసుక బస్తాలు రెండు,
ఒక్కోటీ అరవై పౌన్లు.
"ఇవి దండగ" అన్నాను. కాగితం చూపించాను.
నాన్న కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
కొట్టేసిన ఎమ్‌ల వైపు చాలాసేపు చూశాడు.
"పక్కింటి ఆర్లీన్ గారు వెయ్యమన్నారే" అని గొణిగాడు.
"ఆవిడ ఫిజిక్స్ చదివిందా?"
బస్తాలు గరాజులోకి పోయాయి.

ఆదివారం పొద్దున్న కారు వీధిలో పెట్టినచోట లేదు.
నాలుగిళ్ళ కింద మంచుకుప్పలో
ముక్కు దూర్చుకుని ఉంది,
ఆర్లీన్ గారి చెత్తడబ్బాని వెంటబెట్టుకుని.
ఒక హెడ్‌లైటు పోయింది.
నాన్న ఏమీ అనలేదు.
అంటే బాగుండేది.

సోమవారం హాపల సారుకి చెప్పాను, నేల చూస్తూ.
ఆయన నవ్వలేదు.
"కారు గేర్లో ఉందా?"
న్యూట్రల్లో. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తాడు నాన్న.
"ఆ బ్రేకు ఎన్ని చక్రాలని పట్టుకుంటుంది?"
తెలీదు.
"రెండే. వెనకవి. బస్తాలు ఎక్కడ ఉండేవి?"
నేను జవాబు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.
లంచ్ గంట కొట్టినా ఆయన బోర్డు మీద
వంకర కారొకటి గీసి
బాణాలు పెడుతూనే ఉన్నాడు.
చివరికి ఎమ్ మళ్ళీ పోయింది.
అది ఎక్కడ కూర్చుందన్న సంగతి మాత్రం పోలేదు.
"నీ చెక్కముక్కకి చక్రాలు లేవు కదా" అన్నాడు
సుద్ద చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

రెండో పరీక్షలో అరవై ఒకటి.
ఒక జవాబు పక్కన చిన్న అక్షరాలతో
"నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయని అనుకుంటే" అని రాశాను.
దానికి మార్కులు రాలేదు.
ఎర్ర పెన్నుతో ఒక చిన్న చక్రం వచ్చింది.

ఆ రాత్రి గరాజులోంచి బస్తా ఒకటి భుజానికెత్తుకుని
వీధిలో కారు దాకా నడిచాను.
కింద సరస్సు కనపడటం లేదు, చప్పుడే.
అరవై పౌన్లు.
బూటు జారినప్పుడల్లా
ఒక్క పౌనైనా రద్దవలేదు.
రెండోది నాన్న తెచ్చాడు.